బిడ్డను దిగబెట్టి రావడం



ఆగస్టు నెల వచ్చిందంటే మన కోనసీమలో కొన్ని ఇళ్ళ వసారాలలో పెద్ద పెద్ద పెట్టెలు తెరిచి కనబడతాయి. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఒక బిడ్డకు అమెరికా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. పెట్టెకు 23 కిలోలే అంటారు. ఆవకాయ సీసా పెడితే కాటా దాటుతుంది, తీసేస్తే తల్లి మనసు ఒప్పుకోదు. కుక్కరు అడుగున, ఆత్రేయపురం పూతరేకులు పైన సర్దుతారు. వీసా దొరికిన తల్లిదండ్రులు బిడ్డ వెంట తామూ బయలుదేరి, గది చూసి, పరుపు కొని, సామాను సర్ది వస్తారు. దీనినే మనం దిగబెట్టి రావడం అంటాము.

ఈ పని మనవారికి కొత్త కాదు. వెనుకటి తరంలో పిల్లవాణ్ణి కాకినాడ కళాశాలలో చేర్చాలంటే తండ్రి ట్రంకు పెట్టెతో ఎదుర్లంక రేవులో పడవ కోసం కాచుకొనేవాడు. 1953లో స్థాపించబడిన విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలకు పంపాలంటే సఖినేటిపల్లి రేవు దాటి, నరసాపురంలో రైలెక్కేవాడు. గాలి ఎదురైతే ఆలస్యం, వరద వస్తే ప్రయాణమే లేదు. ఒడ్డున కూర్చుని ఎదురు చూచేవారే గాని, గోదావరి మీద కేకలు వేసినవారు లేరు.

మరి నేడు విమానం ఆలస్యమైతే మనం ఎందుకంతగా మండిపడుతున్నాము? ఆ కోపం న్యాయమైనదేనా? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇది.

ఆ ప్రయాణంలోని కష్టాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. రాత్రంతా బస్సులోనో కారులోనో కూర్చుని శంషాబాదు చేరాలి. అక్కడినుండి గల్ఫ్ నగరానికి నాలుగు గంటలు, అక్కడ విమానం మారి అమెరికాకు మరో పద్నాలుగు, పదిహేను గంటలు. మొదటిది ఆలస్యమైతే రెండవది తప్పిపోతుంది. మనుషులు ఒక ఊళ్ళో దిగితే పెట్టెలు మరో ఊళ్ళో దిగుతాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో కుంభవృష్టి కురిసినప్పుడు వేలమంది ప్రయాణికులు విమానాశ్రయంలోనే నేలమీద పడుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేరులో దొర్లిన పొరపాటు వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్లు ఆగిపోయాయి. వేలకొలది విమానాలు రద్దయ్యాయి. మన శంషాబాదులో సైతం కొందరికి బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు.

అలాంటి వేళ ఏమి జరుగుతుందో ప్రయాణాలు చేసినవారికి తెలుసు. కౌంటరు వెనుక నిలబడిన అమ్మాయి మీద ముందు కేకలు వేస్తాము. వర్షాన్ని ఆమె కురిపించలేదు, కంప్యూటరును ఆమె ఆపలేదు. తరువాత భార్య మీదికి మళ్ళుతాము. "నీ ఆవకాయ తూచి తీసేసరికే ఇంత ఆలస్యమైంది" అంటాము. ఆమె ఊరుకుంటుందా? "ఈ టిక్కెట్టు కొన్నది మీరు కాదా అండీ?" అంటుంది. ఇద్దరి మధ్య ఆ బిడ్డ తల వంచుకుని నిలబడి ఉంటాడు.

"అయ్యా, పొలం తాకట్టు పెట్టి టిక్కెట్టు కొన్నాము. అడిగే హక్కు మాకు లేదా?" అని మీరు అనవచ్చు. తప్పకుండా ఉంది. ఆలస్యమైనప్పుడు భోజనం, అవసరమైతే బస ఎప్పుడు కల్పించాలో మన దేశంలో విమాన సంస్థలకు నిబంధనలు ఉన్నాయి. వాటిని అడగడం న్యాయం. నోరు మూసుకుని అన్నీ భరించడమే క్రైస్తవ సుగుణమని తిరుసభ ఎన్నడూ బోధించలేదు. 1274లో పరమపదించిన మహాపండితుడు పునీత తోమాసు అక్వినాసు, న్యాయమైన కారణానికి, తగిన మోతాదులో కలిగే కోపం పాపం కాదనే చెప్పారు. కోపగించవలసిన చోట బొత్తిగా కోపం రాకపోవడం కూడా లోపమేనన్నారు.

అయితే ఆ పునీతుడే మరో సూక్ష్మమైన సంగతి చెప్పారు. ఓర్పు అంటే కోపాన్ని అణచుకోవడమని మనం అనుకుంటాము. ఆయన లెక్కలో కోపాన్ని అదుపు చేసేది సాధుత్వం. ఓర్పు పని వేరు. దుఃఖం మనిషి వివేకాన్ని విరిచివేయకుండా కాపాడేది ఓర్పు. అంటే ఓర్పుకు అసలు ఎదురుగా నిలిచేది కోపం కాదు, దుఃఖం!

ఈ మాటతో మన విమానాశ్రయాన్ని మళ్ళీ చూడండి. న్యాయం కోసం వచ్చిన కోపం, అడిగినది దొరకగానే చల్లారుతుంది. భోజనం ఇచ్చారు, గది ఇచ్చారు, మరునాటి విమానంలో సీటు ఇచ్చారు. అయినా గుండె మండుతూనే ఉంటే, ఆ మంటకు మూలం విమానం కాదని అర్థం. పద్దెనిమిదేళ్ళో ఇరవై రెండేళ్ళో కంచంలో ముద్ద కలిపి పెట్టిన బిడ్డ వారం రోజుల్లో మనకు అందనంత దూరాన ఒంటరిగా పడుకుంటాడు. తిరుగు ప్రయాణంలో పక్క సీటులో వాడు ఉండడు. ఆ దిగులును ఎవరితోనూ చెప్పుకోలేక, సూట్‌కేసు మీద, క్యూ మీద, కౌంటరు మీద దించుకుంటున్నాము. మగవారికి ఇది మరీ ఎక్కువ. ఏడవడం చేతకానివాడు కసురుకుంటాడు.

ఇంకొక మాట. ఇంట్లో ఉన్నంతకాలం అన్నీ మన చేతిలోనే ఉన్నాయనుకున్నాము. ఫీజు మనం కట్టాము, కళాశాల మనం చూశాము, పెట్టె మనం సర్దాము. ఆగిపోయిన విమానం ముందు మన చేతులు ఖాళీ. బిడ్డ ఏనాడూ మన చేతిలోని వస్తువు కాదు, దేవుడు కొంతకాలం అప్పగించిన ప్రాణం. ఆ నిజం ఇంటిదగ్గర తెలియలేదు, ఇక్కడ తెలుస్తుంది. నొప్పి అక్కడే ఉంది.

అదే వరుసలో మన వెనుక ఎవరు నిలబడ్డారో చూశామా? మన రాజోలు, మామిడికుదురు ప్రాంతాలనుండి ఇళ్ళలో పనికోసం కువైటుకో మస్కటుకో వెళ్ళే స్త్రీలు ఎందరో ఉన్నారు. మనం బిడ్డను చదువులో చేర్చడానికి బిడ్డతో వెళ్తున్నాము. ఆమె బిడ్డను చదివించడానికి బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తున్నది. ఆమెను దిగబెట్టడానికి అవతలి ఒడ్డుదాకా ఎవరూ రారు. మళ్ళీ ఆ బిడ్డను చూచేసరికి రెండేళ్ళు గడవవచ్చు. విమానం ఆలస్యమైతే ఆమె కేకలు వేయదు. ఏ కాగితం ఎక్కడ చూపాలో తెలియక బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది. ఎడబాటు బరువును త్రాసులో వేస్తే ఏ పెట్టె ఎక్కువ తూగుతుందో మీరే చెప్పండి. మన కష్టం అబద్ధమని కాదు. మన కష్టం ఒక్కటే ఆ వరుసలో లేదని.

అమెరికా విశ్వవిద్యాలయాలు తెరిచే రోజులలోనే, ఆగస్టు 27న తల్లియైన పునీత మోనికమ్మ పండుగను, 28న ఆమె కుమారుడు పునీత అగుస్తీను పండుగను తిరుసభ కొనియాడుతుంది. ఆ తల్లికి రెండు ప్రయాణాల కథ ఉంది.

383వ సంవత్సరంలో అగుస్తీను ఆఫ్రికా తీరంలోని కార్తేజు నగరం నుండి రోముకు బయలుదేరాడు. తల్లి వదలలేదు. తననైనా తీసుకుపొమ్మని, లేదా ఇంటికి రమ్మని పట్టుబట్టింది. కొడుకు అబద్ధమాడి, ఆమెను రేవు దగ్గరి పునీత సిప్రియాను ప్రార్థనాలయంలో ఉంచి, రాత్రికి రాత్రే ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. తెల్లవారాక ఆమె సముద్రపు ఒడ్డున గుండెలు పగిలేలా ఏడ్చింది.

రెండేళ్ళ తరువాత ఆ తల్లి సముద్రం దాటి కొడుకున్న మిలాను నగరానికి వెళ్ళింది. దారిలో ఓడ ప్రమాదంలో చిక్కుకుంది. భయపడిన ప్రయాణికులకు నావికులు ధైర్యం చెప్పడం లోకాచారం. ఆ ఓడలో మోనికమ్మే నావికులకు ధైర్యం చెప్పింది. క్షేమంగా చేరతామని దేవుడు ఆమెకు దర్శనంలో తెలిపాడని కుమారుడే తన ఆత్మకథలో రాశాడు.

మనకు అలాంటి దర్శనం రాలేదు కదా అంటారా? నిజమే. కాని ఒకటి గమనించండి. ఆ వాగ్దానాన్ని ఆమె తన కోసమే దాచుకోలేదు. తన ప్రయాణాన్ని నడిపిస్తున్న పనివారు కూడా భయపడుతున్నారని ఆమె చూసింది. అంతటి దిగులు మోస్తూ ఎదుటివారి భయాన్ని చూడగలగడమే ఓర్పు. 387లో కొడుకు జ్ఞానస్నానం పొందడం ఆమె కళ్ళారా చూసింది. అదే సంవత్సరం స్వదేశానికి ఓడ కోసం ఎదురు చూస్తూ ఓస్తియా రేవులో కన్నుమూసింది.

ప్రియమైన తల్లులారా, తండ్రులారా! ఈసారి విమానం ఆగిపోతే మీకు రావలసినది నిలబడి అడగండి. అడిగేటప్పుడు ఆ ఉద్యోగిని "అమ్మా" అని, "బాబూ" అని పిలవండి. వెనుకనున్న రాజోలు చెల్లెలి కాగితం ఒకసారి చదివి పెట్టండి. ఆవకాయ మాట ఎత్తకుండా, "నాకు దిగులుగా ఉందే" అని మీ ఇల్లాలితో నిజం చెప్పండి. బిడ్డ వింటాడు, విననివ్వండి. కలిసి ఒక జపమాల చెప్పుకోండి.

మీరు కొనిపెట్టిన పరుపు రెండేళ్ళలో పాతబడుతుంది. పూతరేకులు వారంలో అయిపోతాయి. పరాయి దేశంలో కష్టం వచ్చిన రోజున ఎలా నిలబడాలో, తనకంటె చిన్నవారితో ఎలా మాట్లాడాలో మీ బిడ్డ ఎక్కడ నేర్చుకుంటాడు? ఆ క్యూలో మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు. మీరు వాడికి దిగబెట్టి రాగలిగిన అసలైన సామాను అదే. దానిని ఏ కాటా తూచదు, ఏ విమానమూ పోగొట్టదు.