యొర్దాను నీరు బురదగా నున్నది

చదువవలసిన వాక్యభాగము: 2 రాజులు 5:1–14



ఈ నెల నేను వ్రాయుచున్నది ప్రసంగమనుటకంటె ఒప్పుకోలు అనుట మేలు.

2019వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో నేను పరిశుద్ధ దేశయాత్రకు వెళ్లితిని. ఖర్చులో కొంత నా బంధువులిచ్చిరి. మిగిలినది మా సంఘపు స్త్రీలు పూటపూటకు పిడికెడు బియ్యము తీసిపెట్టి, అమ్మి, కూర్చిన సొమ్ము. బయలుదేరు దినమున వృద్ధురాలైన ఒక విధవరాలు నా చేతికి చిన్న సీసా ఇచ్చి, “అయ్యగారూ, యొర్దాను నీళ్లు కాసిని పట్టుకు రండి” అనెను.

చిన్నతనమునుండి నా మనస్సులో యొర్దాను మన గోదావరివంటిది. యాజకుల పాదములు తగులగానే నిలిచిపోయిన నది! ప్రభువు బాప్తిస్మము పొందిన నది! యెరికోకు సమీపమున బస్సు దిగి చూచితిని. త్రోవకు ఇరుప్రక్కల ముండ్ల తీగె. 1967 యుద్ధము తరువాత ఆ నేలలో మందుపాతరలు పాతిరట. నది మా ఊరి పంట కాలువకంటె వెడల్పు లేదు. నీరు మట్టిరంగు. అవతలి గట్టు జోర్డాను రాజ్యము. ఇరుగట్లను తుపాకులు పట్టిన సైనికులు. ఎగువనున్న గలిలయ సముద్రపు నీటిని ఇశ్రాయేలు దేశము 1964 నుండి కాలువలద్వారాను గొట్టములద్వారాను మళ్లించినది. యార్ముకు ఉపనది నీటిని సిరియా, జోర్డాను దేశములు ఆపుకొన్నవి. పూర్వము పారిన నీటిలో పదియవ వంతైనను ఇప్పుడు అక్కడికి చేరదని చెప్పుదురు. మమ్మును తీసికొనిపోయినవారు అరగంట మాత్రమే సమయమిచ్చిరి. ప్రార్థన ముగియకముందే బస్సు హారను మ్రోగెను.

ఆ బురదను సీసాలో పట్టుటకు నాకు మనస్సు రాలేదు. అంగడిలో తేటనీటి సీసా ఒకటి కొని తెచ్చి ఆమెకిచ్చితిని. “నది గొప్పగా ఉన్నదా అయ్యగారూ?” అని ఆమె అడిగెను. “చాల గొప్పగా ఉన్నదమ్మా” అంటిని. పిడికెడు బియ్యపు సొమ్ము వ్యర్థమాయెనని వారు తలంతురేమోనని భయపడితిని. ఇన్ని సంవత్సరములు ఆ అబద్ధము నాలోనే ఉండెను.

ఇటీవల నయమానునుగూర్చి బోధించుటకు సిద్ధపడుచుండగా ఆ వాక్యము నన్ను పట్టుకొనెను. నయమాను కూడ పరదేశమునకు వెళ్లి ఆశాభంగము పొందినవాడే. వెండియు బంగారమును పది దుస్తుల బట్టలును తీసికొని, రాజు పత్రికతో, గుఱ్ఱములతో రథముతో వచ్చెను. రాజు ఆ పత్రిక చదివి తన వస్త్రములు చింపుకొనెను. ప్రవక్త గుమ్మము దాటి బయటికైనను రాలేదు; దూతచేత మాట పంపెను. ఆ మాటయు యొర్దానులో ఏడు మారులు మునుగుమనుటయే. మా దమస్కు నదులు మంచివి కావా అని అతడు కోపగించెను.

నదుల సంగతిలో నయమాను చెప్పినది తప్పు కాదు. అబానా అనునది నేటి బరదా నది అని పండితులు చెప్పుదురు. అది కొండలనుండి దిగివచ్చి దమస్కు తోటలను పచ్చగా నుంచిన నది. అతని తప్పు వేరు. ప్రవక్త ఎట్లు వచ్చునో, ఎట్లు నిలుచునో, చేయి ఎట్లు ఆడించునో ఇంటియొద్దనే ఊహించుకొని వచ్చెను. ఆ ఊహ చెదరగానే స్వస్థత విడిచి వెళ్లిపోవ చూచెను. యొర్దాను పోయి పడు ఉప్పు సముద్రము మహాసముద్ర మట్టమునకు 430 మీటర్లకు పైగా దిగువనున్నది. ఆ నదికి పోవువాడు దిగియే పోవలెను. నయమాను దిగెను, బాగుపడెను. బాగుచేసినది నీటి తేటదనము కాదు, దేవుని మాట.

ఈ కథలో పరదేశమునకు పోయినవారు మరియొకరు కలరు. చెరపట్టబడిన ఆ చిన్నది తన ఇష్టముచేత సిరియాకు పోలేదు. అయినను తాను ఎరిగిన సత్యమును దాచక చెప్పెను. సంఘకాపరినైన నేనో దాచితిని.

గడచిన నెల ఒక ఆదివారమున సంఘము ఎదుట నిలిచి ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆరాధన ముగిసిన తరువాత ఆ వృద్ధురాలు నాయొద్దకు వచ్చి, “మన కాలువలో నాకు బాప్తిస్మమిచ్చిన నాడు కూడ నీళ్లు బురదగానే ఉన్నవి గదా అయ్యగారూ! ఆ బురదే తెచ్చి ఉంటే నాకు చాలును” అనెను. నయమానుతో అతని దాసులు మాటలాడినట్లు ఆమె నాతో మాటలాడెను.

ప్రియులారా, మన ఇండ్లనుండి ఎందరో కువైటుకు, మస్కటుకు, పట్టణములకు పని వెదకుచు పోవుచున్నారు. చెప్పిన పని ఒకటి, అక్కడ దొరకినది వేరొకటి. అయినను ఫోనులో “బాగున్నాను” అందురు. ఎందుకు? అప్పుచేసి పంపినవారి ముఖము గుర్తునకు వచ్చును గనుక. వారు తిరిగివచ్చినప్పుడు “ఎంత తెచ్చితివి?” అని ముందుగా అడుగకుడి. “ఎట్లుంటివి?” అని అడుగుడి. వారు నిజము చెప్పుకొనుటకు తగిన చోటు మన సంఘములో ఉండవలెను. మోసపోయినవారిని సహించుమని మాత్రమే చెప్పి పంపివేయక, వారికి న్యాయము దొరకునట్లు వారితోకూడ నడువుడి.

ప్రార్థన: ప్రభువా, మా ఊహలు చెదరినప్పుడు నీ మాటను విడిచిపోకుండ మమ్మును కాపాడుము. ఉన్నది ఉన్నట్లు చెప్పు నోటిని, వినిపించుకొను చెవిని మాకు దయచేయుము. ఆమేన్.