సమ్మతి ఎవరు తీసుకున్నారు?

మా వీధి చివర మిషన్ కుట్టే ఆమె ఒక సాయంత్రం జాకెట్లు ఇచ్చి, డబ్బులు తీసుకుని కూడా వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

"టీచరమ్మా, ఒక మాట అడుగుత. ఆడపిల్లలకు గర్భసంచి మూతి కాన్సర్ రాకుండ సూది ఉన్నదట గద. మా పెద్దబిడ్డకు పదకొండు నిండినయి. ఏపియ్యమంటరా? మా అత్తమ్మ వద్దంటున్నది. అప్పట్ల ఖమ్మం దిక్కు గా సూదితోనే పిల్లలు సచ్చిపోయిన్రంటున్నది. మీరు సైన్సు చెప్పిన్రు గద, మీకు ఎరుకుంటది."

నాకు ఎరుక లేదు. ఇరవై ఆరేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. కణం బొమ్మ కళ్ళు మూసుకుని వేస్తాను. కానీ ఒక్క పరిశోధనా వ్యాసం కూడా మొదటినుంచి చివరిదాకా చదివి ఉండలేదు. పాఠ్యపుస్తకంలోని వాక్యం ఎవరి పరిశోధన నుంచి వచ్చిందో, ఎవరి శరీరం మీద పరీక్షిస్తే తేలిందో ఏనాడూ అడగలేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ అత్తమ్మ నోటికి ఆ మాట చేరడంలో నా వంతు ఉంది. 2010లో ఇక్కడే మానుకోటలో జరిగిన ఒక చిన్న సభలో మైకు పట్టుకుని, "ఈ టీకా మన ఆడపిల్లల్ని చంపింది" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట నేను చదివి అనలేదు. కోపంతో అన్నాను.

"కొన్నాళ్ళు ఆగు, చదివి చెప్తా" అన్నానామెతో. నాలుగు నెలలు పట్టింది.

ముందు ఖమ్మంలో ఏం జరిగిందో నాకు నేను తేదీలతో సహా చెప్పుకోవాల్సి వచ్చింది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పదినుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీ వారి గార్డసిల్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు పద్నాలుగు వేలమంది పిల్లలకు వేశారు. తిరుమలాయపాలెం ఎక్కడో లేదు, మరిపెడ దాటితే వస్తుంది. ఇవాళ మా జిల్లాలో ఉన్న గార్ల, బయ్యారం కూడా 2016 దాకా ఖమ్మంలోనివే. పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఇలాంటిదే గుజరాత్‌లోని వడోదరలోనూ నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఖమ్మం వెళ్ళి చూసి ప్రశ్నలు లేవదీశాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. కేంద్రం వేసిన విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో చాలా కఠినమైన నివేదిక ఇచ్చింది.

మరి చావుల సంగతి? విచారణ సంఘం వాటికి టీకాతో సంబంధం ఉండకపోవచ్చనే తేల్చింది. నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుల మందు తాగడం, మలేరియా లాంటివి కారణాలుగా రాసింది. ఆ పేరా చదివి కాసేపు కదలలేకపోయాను. నా 2010 నాటి వాక్యం తప్పు అని అర్థమైంది. ఆ జాబితా కూడా నన్ను వదల్లేదు. పన్నెండేళ్ళ పిల్ల చేతికి అందేలా పురుగుల మందు డబ్బా ఏ ఇంట్లో ఉంటుంది? పాము కరిస్తే ఆసుపత్రి ఎంత దూరంలో ఉంటుంది? "టీకాతో సంబంధం లేదు" అని తేలగానే ఆ చావులు ఎవరికీ సంబంధం లేనివైపోయాయి.

చదవడం నేర్పింది మా తమ్ముడి కూతురు. మైక్రోబయాలజీలో పీజీ చేసింది. రాత్రిళ్ళు ఫోన్లో చెప్పేది. "అత్తా, పైనున్న సారాంశం చదివి ఆగిపోకు. అది పెళ్ళిళ్ళ పేరమ్మ మాట లాంటిది. అబద్ధం ఉండకపోవచ్చు గానీ మంచే ముందుంటది. నువ్వు పద్ధతుల దగ్గరికి పో. ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు. తర్వాత మొదటి పట్టిక చూడు. డబ్బులెవరిచ్చారో చివర్లో ఉంటది, అది మర్చిపోకు."

అలా రోజుకో పేజీ చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యం తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. దీనివల్ల అనుకోని మేలు జరిగింది. ఇలాంటి వ్యాసాలన్నింటిలో, పద్ధతుల భాగంలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. తెలుగులో రాస్తే ఇలా వచ్చింది: "పాల్గొన్నవారినుండి సమాచారపూర్వక సమ్మతి తీసుకోబడింది." రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. తీసుకోబడింది! మన ఇళ్ళలో ఎవరైనా ఇట్లా మాట్లాడతారా? "నిన్న కూర వండబడింది" అంటామా? ఇంగ్లీషులో నున్నగా జారిపోయే వాక్యం తెలుగులో అడ్డం తిరుగుతుంది. మన మాటలోకి మార్చాలంటే కర్తను వెతుక్కోవాల్సిందే. ఎవరు తీసుకున్నారు? ఎవరి దగ్గర తీసుకున్నారు? ఏ భాషలో అడిగారు? ఆ పిల్ల కాదంటే ఏమయ్యేది?

ఖమ్మం విషయంలో ఆ ప్రశ్నలకు కొంత జవాబు పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో దొరికింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. వేలిముద్ర వేయడం తప్పేమీ కాదు. చదువురాని తల్లికి కూడా విని, ఆలోచించి, అవుననో కాదనో చెప్పే తెలివి ఉంది. ఆమెకు ఎవరు, ఎంత చదివి వినిపించారన్నదే ప్రశ్న. వార్డెన్ సంతకం సంగతి వేరు. అక్కడ తల్లి కూడా లేదు. దాన్ని నడిపినవాళ్ళు 'ప్రదర్శనా ప్రాజెక్టు' అన్నారు. మనుషుల మీద పరిశోధనకు ఉండాల్సిన నియమాలు దానికి వర్తిస్తాయా లేదా అన్నదాని మీదే పెద్ద వాదం నడిచింది. పేరు మారితే అడగాల్సిన అవసరం తప్పిపోతుందా?

ఇక్కడిదాకా రాసి వార్డెన్లను తిట్టడం తేలిక. కానీ నోటుబుక్కులో ఆ అంకె వేసిన రాత్రి నాకు నా సంతకం గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక బడికి హాస్టల్ ఉండేది. ఒకసారి వైద్య శిబిరం పెట్టారు. తల్లిదండ్రుల సంతకాలు కావాలన్నారు. మిరపకాయలు ఏరే కాలం. తండాల్లో పెద్దవాళ్ళెవరూ లేరు, కూలికి పోయారు. పదకొండు కాగితాల మీద, సంరక్షకులు అన్నచోట నేను సంతకం పెట్టాను. చెడేమీ జరగలేదు. కళ్ళు చూశారు, రక్తం తీసుకున్నారు. ఆ రక్తం దేనికని నేను అడగలేదు. పిల్లలూ అడగలేదు. నేను పక్కన నిలబడి ఉన్నాను కాబట్టే వాళ్ళు అడగలేదని ఇప్పుడనిపిస్తోంది. నా మీద ఉన్న నమ్మకాన్ని నేను వాళ్ళ తరఫున ఇంకెవరికో ఇచ్చేశాను. పితృస్వామ్యం మన తరఫున నిర్ణయాలు తీసుకుంటుందని ఎన్ని సభల్లో మాట్లాడానో! "వాళ్ళ మంచికే కదా" అన్న మాట నా కలంలోంచి కూడా వచ్చింది.

ఇక టీకా పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న. దీనికోసం చదివిన వ్యాసం 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చింది. ఇది ఖమ్మం ప్రాజెక్టు కాదు. ఒకరోజంతా రెండూ ఒకటే అనుకుని కోపంగా చదివి, మళ్ళీ మొదటికొచ్చాను. ఇది వేరే అధ్యయనం. 2009 సెప్టెంబరులో, పదినుంచి పద్దెనిమిదేళ్ళ పెళ్ళికాని అమ్మాయిల మీద, హైదరాబాద్‌తో సహా దేశంలో అనేకచోట్ల మొదలైంది. టీకా అదే గార్డసిల్. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని తేల్చుకోవడం ఉద్దేశం. ఎవరికి రెండు, ఎవరికి మూడు అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం, వడోదరల గొడవతో దేశంలో ఈ అధ్యయనం టీకాలు కూడా ఆగిపోయాయి. అప్పటికి చేరిన 17,729 మందిలో 4,949 మందికి ఒక్క డోసే పడింది. వాళ్ళను అలాగే ఏళ్ళ తరబడి గమనించారు. పదేళ్ళ తర్వాత చూస్తే ఒక్క డోసు కూడా, హెచ్.పి.వి.లో ప్రమాదకరమైన 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా 95.4 శాతం కాపాడింది. రెండు డోసులవాళ్ళలో 93.1, మూడు డోసులవాళ్ళలో 93.3.

95.4 అంటే నూటికి తొంభై అయిదుమందికి రాదని కాదు. టీకా లేనివాళ్ళకు ఎంత ముప్పు ఉందో, అందులో అంత భాగం తగ్గిందని. పక్కనే 85.0 నుంచి 99.9 అని ఉంటుంది. అసలు విలువ ఈ హద్దుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. ఒక్క డోసు ఎవరికన్నది చీటీ నిర్ణయించలేదు, తేదీ నిర్ణయించింది. కాబట్టి ఆ బృందాలు ఒకదానితో ఒకటి పోల్చదగ్గవేనా అని చూసుకోవాలి. కొలిచింది తిష్ఠ వేసిన ఇన్ఫెక్షన్‌ను. కాన్సర్‌ను కాదు, దానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఇంకోటి కూడా ఉంది. ఒక్క డోసు పడిన 4,949 మందిలో ఈ లెక్కకు వచ్చింది 2,135 మందే. మిగతావాళ్ళేరి? పద్ధతుల్లోకి వెళ్తే కారణం కనిపించింది. నమూనాలు తీసింది పెళ్ళయిన పద్దెనిమిది నెలలకు, లేదా మొదటి కాన్పయిన ఆరు నెలలకు. పెళ్ళికాని అమ్మాయి గర్భాశయం ఈ పట్టికలోకి రాలేదు. మన సమాజంలో ఆ పరీక్షకు ముందే ఒప్పుకునే ఇల్లు ఏదని శాస్త్రజ్ఞులు అనుకుని ఉంటారు. శాస్త్రం కూడా మన గడప దగ్గర చెప్పులు విడిచే లోపలికొస్తుంది.

అయినా ఆ ఫలితం గట్టిది. ఇంకొన్ని దేశాల అధ్యయనాలూ అటే చూపించాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలునని చెప్పింది. పేద దేశాల్లో ఖర్చు తగ్గి, మరింతమంది పిల్లలకు టీకా అందే దారి ఏర్పడింది. ఆ దారి వేసినవాళ్ళలో, రావలసిన రెండో సూది రాక ఆగిపోయిన మన పిల్లలున్నారు. వాళ్ళు దాన్ని ఎంచుకోలేదు. ప్రాజెక్టు ఆపమన్నవాళ్ళూ దీన్ని ఊహించలేదు.

ఇప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ఫలితం మంచిదైంది కాబట్టి ఖమ్మంలో సరిగ్గా అడగకపోయినా ఫరవాలేదా? నాకు తెలిసిన డాక్టర్లు కొందరు ఇలాగే మాట్లాడతారు. మీ ఆందోళనల వల్ల దేశం పదేళ్ళు వెనకబడింది అంటారు. ఆ మాటలో నిజం లేదని అనలేను. 2022లో మన దేశంలో దాదాపు ఎనభై వేలమంది ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌తో చనిపోయారని అంచనా. "టీకా చంపింది" అన్న నా మాట విని ఎవరైనా బిడ్డకు టీకా వేయించకుండా ఆగి ఉంటే, ఆ బాధ్యత నాది. ఇంకోవైపు నా స్నేహితురాళ్ళున్నారు. అడగకుండా చేసినవాళ్ళ టీకాను ఇప్పుడు నువ్వెట్లా సమర్థిస్తావంటారు. సమ్మతి తీసుకోకపోవడం టీకాను పనిచేయనిదిగా చేయదు. టీకా పనిచేయడం సమ్మతి తీసుకోకపోవడాన్ని ఒప్పు చేయదు. రెండు వేర్వేరు వాక్యాలు. ఒకదాన్ని ఇంకోదానికి సాక్ష్యంగా నిలబెట్టడమే నేను 2010లో చేసిన తప్పు. ఆ డాక్టర్లు ఇవాళ చేస్తున్నదీ అదే.

2022లో మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రేపు ఇక్కడా పరిశోధనలు జరుగుతాయి, జరగాలి కూడా. మన రక్తహీనత గురించి, మన గర్భసంచుల గురించి, మిరపతోటల్లో మందు కొట్టే చేతుల గురించి ఎవరో ఒకరు కొలిస్తేనే తెలుస్తుంది. అప్పుడు మా తండాల ఆడవాళ్ళు పట్టికల్లో అంకెలవుతారు. ఆ పట్టిక చదవగలిగినవాళ్ళు ఇక్కడే, ఈ భాషలోనే కొందరైనా ఉండాలి. నమ్మేయడానికీ, తోసేయడానికీ చదువు అక్కర్లేదు. అడగడానికి కావాలి.

నాలుగు నెలల తర్వాత మిషన్ కుట్టే ఆమెను పిలిచి అన్నీ చెప్పాను. టీకా మంచిదే అనుకుంటున్నానని, దానితో అన్ని రకాలూ ఆగవని, పెద్దయ్యాక పరీక్షలు చేయించుకోవాల్సిందేనని, ఖమ్మంలో పిల్లల్ని అడిగిన తీరు మాత్రం తప్పని చెప్పాను. అప్పట్లో నేను సభలో అన్న మాట గురించీ చెప్పాను. చివరిదాకా విన్నది.

"అయితే బిడ్డను గూడ అడగాల్నా?" అన్నది.

"అడుగు" అన్నాను.

మర్నాడు ఆ పిల్లే వచ్చింది. నొప్పి ఎంత ఉంటుందని అడిగింది, చెప్పాను. ఆ రోగం ఎట్లా వస్తుందని అడిగింది. బడిలో ఆ పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసిన టీచర్‌ని నేను. ఈసారి దాటేయలేదు. మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకు, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు అంటుకునే వైరస్ అని చెప్పాను. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించింది.

"మరి మా తమ్మునికి ఎందుకెయ్యరు?"

ఆస్ట్రేలియాలో 2013 నుంచే మగపిల్లలకూ వేస్తున్నారని మాత్రం చెప్పగలిగాను. మనదగ్గర ఈ సూది గురించి ఎక్కడ మాట వచ్చినా అది ఆడపిల్లల మాటే ఎందుకవుతుందో చెప్పలేకపోయాను. ఆ పిల్ల వెళ్ళాక మా తమ్ముడి కూతురికి ఫోన్ చేసి, ఇంకో వ్యాసం పంపమన్నాను.