విగ్రహము పోయినా కథ పోదు



2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు, హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై అన్నమయ్య, శ్రీశ్రీ, జాషువా మొదలగు వారి విగ్రహములను పగులగొట్టారు. "ఆ వరుసలో మన తెలంగాణవారెందరు?" అన్నది ఆనాటి ఆవేదన. అది న్యాయమైన ప్రశ్నయే. కాని సుత్తి దెబ్బ దానికి జవాబు కాలేదు. జాషువా పద్యము ఒక్కటియు చెరగలేదు.

మరి విగ్రహమును తొలగించుట ఎల్లపుడూ తప్పేనా? మోషే ఎత్తిన కంచు సర్పమునకు ప్రజలు ధూపము వేయసాగగా, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను (2 రాజులు 18:4). ఆయన చేసినది కసితో కాదు, దైవభక్తితో. దివ్యగ్రంథము ఆ సర్పము ప్రాణములు కాపాడిన సంగతిని, దానిని పగులగొట్టిన సంగతిని కూడ దాచలేదు. సర్పము పోయినను కథ నిలిచినది. ప్రభువు తన సిలువను గూర్చి నికోదేమునకు చెప్పునపుడు ఆ కథనే జ్ఞాపకము చేసెను (యోహాను 3:14).

చరిత్రను చెరిపివేయునది మన మౌనమే. దోమ విచారణ కుటుంబములారా, ఈ రాత్రి జపమాల ముగిసిన పిమ్మట మీ బిడ్డలకు జాషువా ఎవరో చెప్పండి. ఏ వరుసలోను చోటు దొరకని మీ ఊరి పెద్దల కథ కూడ చెప్పండి.