జల్లెడ ఎవరి మట్టికి?



మట్టి జల్లించడం గురించి ధమ్మ పుస్తకంలో ఏం రాస్తాడు వీడు అని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో తప్పు నాది, కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

మా స్టడీ సెంటర్ కొండాపూర్ వైపు ఒక గల్లీలో ఉంది. రెండు గదులు, రేకుల కప్పు. గల్లీ చివరికి వస్తే అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కలంతా గుట్టలూ బండలే. ఆ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రం చెబుతుంది. వాటినే పేల్చి, ఆ ముక్కలతోనే పల్లాలు పూడ్చి, మీద మేడలు కట్టారు. మా గది వెనక పన్నెండడుగులు పది అడుగుల జాగా మిగిలితే అందులో గడ్డపార దిగదు. గ్రానైట్ ముక్కలు, టైల్స్ పెంకులు, సిమెంటు ఉండలు, వాటి మధ్య తుంగ, గరిక, వయ్యారిభామ. పిల్లలు అక్కడ తోటకూర, గోంగూర, టమాట వేద్దామన్నారు. సరే అన్నాను.

నేను బి.ఏ. చదివినవాణ్ణి, పొలం పని రాదు. ఇంట్లోంచి పిండి జల్లెడ తెచ్చాను. రెండు పిడికిళ్ళ మట్టికే అది మూసుకుపోయింది. పక్క సైటులో ఇసుక జల్లించే పాలమూరు పెద్దమ్మ చూసి నవ్వింది. "బిడ్డా, గది పిండికి. మట్టికి బొక్కలు పెద్దగుండాలె" అంది. వాళ్ళ జల్లెడ మనిషెత్తు ఉంటుంది, ఏటవాలుగా నిలబెట్టి పారతో ఇసుక విసురుతారు. మాకంత జాగా లేదు, చేతి జల్లెడే చేసుకున్నాం.

మీరూ చేసుకోవచ్చు, చెబుతాను. ఫ్లాట్లలో కార్పెంటర్ పని అయ్యాక పారేసే చెక్కముక్కలు చాలు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చట్రం. మేకులు బిగించేముందు ఎదురెదురు మూలల మధ్య దూరం కొలవండి. రెండు కొలతలూ సమానంగా వస్తేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు, లేకపోతే ఊపుతుంటే వంకరపోతుంది. హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం గడుల వెల్డ్ మెష్ అడిగి తెచ్చి అడుగున కొట్టండి. మేకులొక్కటే కొడితే రాళ్ళ బరువుకు జాలీ ఊడి వస్తుంది. మాకు మొదటిరోజే ఊడింది. జాలీ అంచుల మీదుగా సన్నటి చెక్క పట్టీ వేసి, దాని మీంచి మేకులు దించాలి. అప్పుడు తీగ కొనలు చేతులకు గీరుకోవు కూడా. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఊపాలి, సగం తట్ట మట్టి మించి పోయకూడదు. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆరనివ్వాలి, తడిమట్టి దిగదు. పైన వానపాములు మిగిలితే తీసి తడి నేలలో వదలాలి, తాపీతో గీకొద్దు. మొదటి శీలం మనకు అక్కడా వర్తిస్తుంది.

ఇక జల్లెడ చేయలేనిది ఒకటుంది. రాయి పైన ఆగుతుంది, పెంకు ఆగుతుంది, తుంగ వేళ్ళు ఆగుతాయి. కానీ సన్నటి తుంగ గడ్డలు దిగిపోతాయి. వయ్యారిభామ గింజ సంగతి సరేసరి, కంటికే ఆనదు. మేం పది తట్టల మట్టి శుభ్రంగా జల్లించి మురిసిపోతే, నీళ్ళు పోసిన వారానికి నేలంతా పచ్చగా కలుపే! పిల్లలు ఏడుపు మొహం పెట్టారు. పాలమూరు పెద్దమ్మే మళ్ళీ చెప్పింది: విత్తనాలు వేయకుండా ముందు నీళ్ళు పోయండి, కలుపు మొలవనివ్వండి, పీకండి, మళ్ళీ పోయండి. అట్లా రెండుసార్లు చేశాకే విత్తులు వేశాం.

ఇక్కడ నాకు అనుసయాలు గుర్తొచ్చాయి. మనసు అడుగున నిద్రపోతూ ఉండే అకుశలాలను పాళీలో అట్లా అంటారు, ఏడని లెక్క. అందులో ఒకటి మానం, అంటే నేను గొప్ప అనే భావం. పంచశీలం పెద్ద రాళ్ళను ఆపుతుంది. తాగను, దొంగతనం చేయను, అబద్ధమాడను. ఆ రాళ్ళు పోగానే నా మట్టి శుభ్రమైందనుకుంటాం. నీళ్ళు పడితే తెలుస్తుంది ఏముందో.

నా మీద నీళ్ళు పడింది ఆషాఢ పున్నమి రోజు. బుద్ధుడు సారనాథ్‌లో మొదటి ఉపదేశం చేసిన రోజు కదా, మేం వందన పెట్టుకున్నాం. మన హైదరాబాదుకు అది బోనాల నెల కూడా. ఒక పెద్దక్క వచ్చింది. ఇక్కడి ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ పని, పొద్దున షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, కాళ్ళకు పసుపు, చేతికి ఎల్లమ్మ దారం. ఒక కుర్రాడు నావైపు చూశాడు. నేను నలుగురి ముందు, "ఇది ఎల్లమ్మ గుడి కాదక్కా" అన్నాను. నవ్వుతూనే అన్నాను, అదింకా అన్యాయం. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అప్పుడు నాకు అది గట్టిదనంగానే కనిపించింది. అదే నెలలో ఒక తమ్ముడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తన ఆఫీసు సంగతి చెప్పి బాధపడ్డాడు. భోజనాల దగ్గర సహోద్యోగి ముందు ఇంటిపేరు అడిగాడట, తర్వాత ఊరు, తర్వాత ఊళ్ళో ఇల్లు ఏ వైపు అని. పని ఎట్లా చేస్తావని మాత్రం అడగలేదు. నేను ఆవేశంగా, కులం ఒక జల్లెడ అని ఉపన్యాసమిచ్చాను. మట్టి జల్లెడ నీ సైజు చూస్తుంది, కులం జల్లెడ నువ్వు ఏ కుప్పలోంచి వచ్చావో చూస్తుంది అన్నాను. అందరూ తలలూపారు. పెద్దక్క ఖాళీ చోటు నాకు కనపడలేదు. ఆమె ఏం వినడానికి వచ్చిందో, ఏం మోసి వచ్చిందో నేనూ అడగలేదు కదా. బొట్టు చూశాను, అంతే.

మీరు అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. జల్లెడే వద్దంటే పాతదంతా మళ్ళీ విహారంలోకి రాదా? ఇవాళ దారం, రేపు కొబ్బరికాయ. ఇది చిన్న ప్రశ్నేం కాదు. మన దేశంలో ధమ్మం ఎట్లా కరిగిపోయిందో బాబాసాహెబ్‌కు తెలుసు. అందుకే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో త్రిశరణాలతో ఆగకుండా 22 ప్రతిజ్ఞలు చేయించారు. వాటిలో ఒక్కటి కూడా నేను సడలించమనను. కానీ ఆ ప్రతిజ్ఞలను మళ్ళీ ఒకసారి చదవండి. అన్నీ 'నేను' అనే చెబుతాయి. నేను పూజించను, నేను నమ్మను, నేను పాటిస్తాను. పక్కవాడి నుదురు చూసే పని వాటిలో ఎక్కడా లేదు. ప్రతిజ్ఞ తీసుకున్నవాడు తన మట్టి జల్లించుకుంటాడు. ప్రతిజ్ఞ ఇంకా తీసుకోని మనిషి దగ్గర ఆ ప్రతిజ్ఞతో లెక్క అడగడం ఏ న్యాయం? మన తల్లులు చాలామంది అట్లానే కదా ఉన్నది.

థేరగాథలో సునీతుడున్నాడు. వాడిన పూలు ఊడ్చి ఎత్తిపోసే పని అతనిది, జనం చీదరించుకునేవారు. బుద్ధుడు రావడం చూసి కావడి పక్కనపెట్టి దగ్గరికి వెళ్ళి, సంఘంలో చేర్చుకోమని అడిగాడు. బుద్ధుడు రమ్మన్నాడు. కడుక్కుని రమ్మన్న మాట ఆ గాథల్లో లేదు.

జల్లెడ దగ్గర ఇంకో సంగతి చూశాను. మట్టి పెళ్ళలు కూడా రాళ్ళతో పాటు పైనే ఆగుతాయి. చూడ్డానికి రాయిలాగే ఉంటాయి. మొదటి రోజుల్లో వాటినీ రాళ్ళ కుప్పలోకి విసిరేశాం. తర్వాత ఒక పాప ఒకటి చేత్తో ఒత్తితే మెత్తగా పొడైంది, మంచి ఎర్రమట్టి. అప్పట్నుంచి విసిరేముందు ఒకసారి ఒత్తి చూస్తున్నాం. నిజం రాళ్ళను కుళాయి దగ్గర బురదలో పరిచాం.

నేను పెద్దక్క ఇంటికి వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది. సిగ్గు. వెళితే ఆమె కోపంగా లేదు, అలసిపోయి ఉంది. తప్పైందక్కా అన్నాను. "నీకు కోపమొచ్చింది తమ్మీ, నాకు నొప్పొచ్చింది" అంది. ఆరోజు ఎందుకొచ్చావక్కా అని అప్పుడడిగాను, నాలుగు నెలల ఆలస్యంగా. కొడుకు తాగి కొడుతున్నాడట. ఎల్లమ్మకు మొక్కింది, తగ్గలేదు. ఈడ తాగుడు మాన్పిస్తరని ఎవరో చెబితే వచ్చిందట. అంటే అయిదో శీలం వెతుక్కుంటూ వచ్చిన మనిషిని నేను గడప దగ్గరే ఆపాను.

ఇప్పుడు ఆదివారాలు కొడుకును తీసుకుని వస్తోంది. అతను రెండు వారాలు వస్తాడు, ఒక వారం రాడు. దారం ఇంకా ఆమె చేతికి ఉంది. ఆ కుర్రాడు దాన్ని చూస్తూనే ఉంటాడు, ఏమీ అనడు. పోయిన వారం ఆమె పాత చీర కొంగులో తోటకూర విత్తనాలు కట్టుకొచ్చింది. మన జల్లెడ గడులకు ఇవి నిలవవు కదా తమ్మీ అని నవ్వి, ఇసుకలో కలిపి చేత్తోనే చల్లింది.