అరిగిన టైరు ఎవరిది?

పొదుపు గురించి మాట్లాడటమంటే మనవాళ్ళకు మహా సరదా. చిరిగిన చొక్కాకు అతుకు వేయించుకున్నవాణ్ణి మెచ్చుకుంటాం. తెగిన చెప్పును నాలుగోసారి కుట్టించుకున్న తాతగారి కథ మునిమనవల దాకా చెప్పుకుంటాం. ఆ గుణం నాకూ కొంచెం ఎక్కువేనని మా ఇంట్లో అభియోగం. ముప్ఫై ఏళ్ళ పంతులు ఉద్యోగంలో సుద్దముక్కను గోరంత అయ్యేదాకా వదిలిపెట్టిన పాపాన పోలేదు. వస్తువును చివరిదాకా వాడటంలో ఒక మర్యాద వుందని నా నమ్మకం. దాన్ని చేసినవాడి కష్టానికి మనమిచ్చే మర్యాద అది.

అయితే ఆ నమ్మకానికి హద్దు ఎక్కడుందో వెతుక్కోవలసిన అవసరం ఈమధ్య వచ్చింది. కారణం ఏ గ్రంథమూ కాదు, కారు టైరు.

మాది అనంతసాగరం. వూళ్ళో పెద్ద చెరువు, ఎగువన పెన్న మీద సోమశిల డ్యాము. చిన్న పనికి ఆత్మకూరు, పెద్ద పనికి నెల్లూరు. మా కారు డిక్కీ వున్న మామూలు సెడాను. కంపెనీవాడు ఎలా ఇచ్చాడో ఇప్పటికీ అలాగే వుంది. వెడల్పు చక్రాలు తొడగలేదు, వెనక రెక్క బిగించలేదు. దాని టైర్లకు ఏడో ఏడు నడుస్తోంది. టైరు గాట్లలో అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి చూడండి. టైరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే ఇక మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే అని అర్థం. కొత్తలో అది ఏడెనిమిది మిల్లీమీటర్లుంటుంది. మన మోటారు వాహనాల నిబంధనలు కూడా కారుకు ఆ 1.6 నే ఆఖరి గీతగా పెట్టాయి. మా టైర్లు ఆ గీతకు వెంట్రుకవాసి పైన వున్నాయి.

"ఇంకో ఆర్నెల్లు లాగొచ్చు మామా" అన్నాడు అల్లుడు. "చట్టమే ఒప్పుకుంటోంది గదా!"

నిజమే, చట్టం ఒప్పుకుంటోంది. కాని చట్టం ఒప్పుకున్న పొదుపంతా పొదుపేనా? నాకు పట్టుకున్న సందేహం ఇదీ.

చిరిగిన చొక్కా తొడుక్కుని బజారుకు వెళ్ళాననుకోండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. పోయేది నా పరువు, మిగిలేది నా డబ్బు. రెండూ నావే. పాత చెప్పు తెగితే గుచ్చుకునే ముల్లు నా కాలికే. ఇక్కడ లాభమూ నష్టమూ ఒకే ఖాతాలో పడుతున్నాయి. అరిగిన టైరు సంగతి అలా కాదు. ఆర్నెల్లు లాగితే మిగిలే డబ్బు నా జేబులోకి వస్తుంది. బ్రేకు వేసినా ఆగకపోతే తగిలే దెబ్బ మాత్రం రోడ్డు దాటుతున్న మనిషికి. లాభం ఒకరి ఖాతాలోనూ, నష్టం ఇంకొకరి ఖాతాలోనూ రాస్తే దాన్ని మన వూరి కోమటికొట్లో పొదుపు అనరు. దానికి వేరే పేరుంది.

మా రోడ్లమీద నడిచేవాళ్ళెవరో మీకు తెలియంది కాదు. సైకిలు మీద బడిపిల్లలు. కోతల రోజుల్లో తారు మీద వడ్లు ఎండబోసి, పక్కనే తువ్వాలు పరుచుకు కూర్చునే రైతు. నెల్లూరు గొర్రెలు దేశంలో పేరున్న జాతి. ఆ మందలు ఉదయగిరి వైపు నుంచీ, ఆత్మకూరు వైపు నుంచీ రోడ్డు నిండా వస్తుంటే వెనకాల కర్ర భుజాన వేసుకుని ఒక కుర్రాడు వస్తుంటాడు. నా టైర్ల లోతు ఎంతో ఆ కుర్రాడికి తెలియదు. నేను మిగుల్చుకున్న రూపాయల్లో వాడికి వాటా లేదు. కాని నా లెక్కలో వాడి ప్రాణం వుంది. వాణ్ణి అడక్కుండానే వాణ్ణి జామీను పెట్టి నేను అప్పు తీసుకుంటున్నానన్నమాట.

"ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదండీ?" అంటారేమో. కాదు మరి. ఎండిన రోడ్డు మీద, మెల్లగా పోతుంటే, అరిగిన టైరూ కొత్త టైరూ ఒకలాగే వుంటాయి. మంచిరోజుల్లో చుట్టాలంతా మంచివాళ్ళే అయినట్టు. ఒక్కో టైరు నేలను తాకే చోటు దాదాపు అరచేయంత. వెయ్యి కిలోలు దాటిన కారూ, అందులో సంసారమూ ఆ నాలుగు అరచేతుల మీదే నడుస్తాయి. వాన పడినప్పుడు ఆ అరచేతి కింద నీరు చేరుతుంది. దాన్ని పక్కకు తోసెయ్యడానికే ఆ గాట్లు. గాట్లు అరిగిపోతే నీటికి దారి వుండదు. వేగంగా పోతుంటే టైరు నీటి మీద తేలుతుంది. స్టీరింగు మన చేతిలోనే వుంటుంది, కారు మాత్రం మన మాట వినదు.

మాకు వానంటే ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల మీద ఆధారం. 2021 నవంబరులో పెన్న ఎలా పొంగిందో ఈ చుట్టుపక్కల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదిలో మూడొందల రోజులకు పైగా పొడి, కొద్ది రోజులు కుండపోత. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము మొదటి వానకు తడిసి జిడ్డుగా మారతాయి. టైరు పరీక్ష ఆ రోజున. అంచేత టైరును కొనవలసింది మూడొందల మంచిరోజుల కోసం కాదు, ఆ పది చెడ్డరోజుల కోసం.

మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటాలో వుంటాడు. ఫోనులో "నాన్నా, ఆల్ సీజన్ టైర్లు తీసుకో, గొడవ వుండదు" అన్నాడు. అన్ని కాలాల టైరు! వినడానికి ఎంత బాగుందో. 1977లో గుడియర్ కంపెనీ అక్కడ అన్ని కాలాలకూ పనికొచ్చే రేడియల్ టైరును 'టియెంపో' అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. స్పానిష్ భాషలో టియెంపో అంటే సమయమనీ, వాతావరణమనీ రెండర్థాలూ వున్నాయట. మన 'కాలం' మాటలా అన్నమాట. కాలం గడిచిందంటాం, ఎండాకాలమనీ అంటాం.

అయితే అక్కడి కాలాల్లో మంచు ఒకటి. ఏడు డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. అన్ని కాలాల టైరు అటు మంచుకూ ఇటు ఎండకూ మధ్య కుదిర్చిన రాజీ. రాజీలో వుండే కష్టం తెలిసిందే. ఎవరికీ పూర్తిగా న్యాయం జరగదు. అందుకే కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో చలికాలం మొత్తం ప్రత్యేకమైన శీతకాలపు టైర్లే వుండాలని 2008లో నియమం తెచ్చారు. అనంతసాగరంలో ఏడు డిగ్రీల చలి వేసిందని మా ముత్తాత కూడా చెప్పలేదు. మనకు కావలసిన 'అన్ని కాలాలు' రెండే: రోహిణీ కార్తె ఎండ, కార్తీకమాసం వాన. పరాయి దేశపు మాట బాగుందని దాన్నే అడిగితే, కురవని మంచుకు డబ్బు కట్టి, కురిసే వానకు ఎగవేసినట్టవుతుంది. మంచి పని చెయ్యాలంటే మంచి మనసొక్కటే చాలదు, మన రోడ్డేదో మనకు తెలిసి వుండాలి.

ఆత్మకూరులో టైర్ల షాపు అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే.

"ఏ కంపెనీ కావాల అయ్యవారూ?" అన్నాడు.

కంపెనీలకేం తక్కువ లేదు. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో పిల్లలాడుకునే బుడగలు చేస్తూ మొదలైనదే ఎం.ఆర్.ఎఫ్. మన పక్కనే చిన్నపండూరులో 2020లో అపోలో వాళ్ళ ఫ్యాక్టరీ మొదలైంది. నేను కంపెనీ పేరు చెప్పలేదు. కారు తలుపు పక్కన అంటించిన చీటీ చూపించాను. 185/65 ఆర్ 15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, రేడియల్, లోపలి రిమ్ము 15 అంగుళాలు. ఆ తర్వాత 88 అని వుంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని లెక్క.

"ఒక సైజు పెంచుకుంటే లుక్కు అదిరిపోద్ది అయ్యవారూ" అన్నాడు.

కారును తయారుచేసినవాళ్ళు బ్రేకులూ, స్ప్రింగులూ, వేగం చూపే ముల్లూ అన్నీ ఆ సైజుకే పొందిక చేసి పెట్టారు. చక్రం పెద్దదైతే ముల్లు చూపేది ఒకటి, కారు పోయేది ఇంకొకటి. వాళ్ళిచ్చింది వాళ్ళిచ్చినట్టే వుంచుకోవడంలో నామోషీ ఏమీ లేదన్నాను.

"పోనీ, రెండే మార్చండి. కొత్తవి ముందుకేస్తాను, పాతవి వెనక్కి."

ఇది చాలామంది అనేదే. ఇంజను ముందుంది, స్టీరింగు ముందుంది, కంటికి కనబడేదీ ముందే. కాని టైర్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్పేది దీనికి తలకిందులు. రెండే కొంటే కొత్తవి వెనక్కే వెయ్యాలి. ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది. కాలు తీసి వేగం తగ్గిస్తే మళ్ళీ దారికొస్తుంది. వెనక టైరు జారిందో, కారు బొంగరంలా తిరుగుతుంది. మామూలు మనిషి దాన్ని నిలబెట్టలేడు. కనబడేచోట కొత్తదీ, కనబడనిచోట పాతదీ పెట్టడం మన ఇళ్ళల్లోనూ వున్న అలవాటే. ముందుగదికి రంగులు, వంటింటికి మసి. కాని పిల్లలూ ముసలివాళ్ళూ కూర్చునేది వెనక సీట్లోనే గదా!

నాలుగూ మార్చమన్నాను. రెండు రకాలు చూపించాడు. ఒకటి గట్టి రబ్బరు, ఎక్కువ మైలేజీ వస్తుందన్నాడు. రెండోది తడిలో పట్టు ఎక్కువ, తొందరగా అరుగుతుంది, టైరుకు ఎనిమిది వందలు ఎక్కువ కూడా. మా ఆవిడ పక్కనుంచి "ఏమండీ, మన లెక్కకు మొదటిదే గదా!" అని దెప్పింది. రెండోదే తీసుకున్నాను. టైరు పక్కన నాలుగంకెలు చూసి మరీ తీసుకున్నాను. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరుకు కదలకుండా కూర్చున్నా వయసొస్తుంది, మనకు లాగే.

గాలి దగ్గర మళ్ళీ వాదన. "ఎండలు గదా, రెండు పాయింట్లు తగ్గిస్తాను, పేలకుండా వుంటది" అన్నాడు. ఇది కూడా వూరూరా వున్న నమ్మకమే. నిజానికి గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతాయి. పేలడానికి ఆ వేడే ముఖ్య కారణం. కారు చల్లగా వున్నప్పుడు చీటీ మీదున్నంత గాలి పట్టిస్తే చాలు. తర్వాత నైట్రోజన్ పట్టమంటారా అన్నాడు. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్. సోమశిల నిండితే 78 టి.ఎం.సి.లు. ఈ రెండూ దేవుడు మనకు ఉచితంగానే ఇచ్చాడు నాయనా అన్నాను.

ఇంతకూ మీరొక మాట అడగవచ్చు. "పింఛను వచ్చే పంతులుగారు నాలుగు టైర్లు మార్చారు. రోజు కూలి మీద కారు తోలుకునేవాడి మాటేమిటి? వాడికీ ఈ నీతేనా?" న్యాయమైన ప్రశ్న. లేనివాణ్ణి పట్టుకుని నీతులు చెప్పడం కంటే తేలికైన పని లేదు. కాని ఈ బాకీని రెండు రకాల నాణేలతో తీర్చవచ్చు. ఒకటి డబ్బు. రెండోది సమయం. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఎనభై మీద పోయేవాడు నలభైకి తగ్గితే ఆ దూరం నాలుగో వంతుకు వస్తుంది. టైరు కొనలేనివాడు వానలో మెల్లగా పోయి, గంట ఆలస్యంగా చేరి, తన వంతు చెల్లించవచ్చు. డబ్బూ ఇవ్వను, సమయమూ ఇవ్వను అనేవాడిదే తప్పు. ఆ మనిషి కొత్త టైర్ల మీద పోతున్నా నాకు భయమే.

గాలి టైరు చరిత్రలో ఒక ముచ్చట వుంది. 1888లో బెల్ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు తొడిగాడు, గతుకుల్లో కుదుపు తగ్గాలని. అంతకు నాలుగు దశాబ్దాల ముందే థామ్సన్ అనే ఆయన ఆ ఆలోచనకు పేటెంటు తీసుకున్నా, లోకంలో వాడుకలోకి వచ్చింది డన్‌లప్ తర్వాతే. తనకోసం కాక, ఇంకొకరి ఒంటికి దెబ్బ తగలకూడదని పుట్టిన వస్తువు అది. దాన్ని మనం ఇంకొకరి ఒళ్ళు లెక్కచెయ్యకుండా వాడటం ఏం బాగుంటుంది?

బిల్లు కట్టాక షాపు అబ్బాయి "పాతవి నాకిచ్చేయండి. టైరుకు నాలుగొందలు తగ్గిస్తా" అన్నాడు.

"ఏం చేస్తావు?"

"అడిగేవాళ్ళుంటారు అయ్యవారూ. ఏదో పాత బండికి వేసుకుంటారు."

పదహారు వందలు. నాలాంటివాడికి నోరూరే మాటే. కాని నా కారుకు పనికిరాదని తీసిన టైరు ఇంకొకడి కారుకు పనికొస్తుందని అమ్మితే, నేను వదిలించుకున్నది ప్రమాదాన్ని కాదు, నా పేరును మాత్రమే. ఆ గొర్రెల కుర్రాడికి ఎవరి టైరైతేనేం? నాలుగింటి పక్కలకూ కత్తితో గాటు పెట్టించి డిక్కీలోనూ, వెనక సీట్లోనూ వేయించుకు వచ్చాను. ఆ అబ్బాయి నావైపు చూసిన చూపును మా ఆవిడ ఇంటికొచ్చేదాకా తల్చుకుని నవ్వింది.

ఇప్పుడవి మా దొడ్లో వున్నాయి. రెండింటిలో మట్టి నింపి కనకాంబరాలు నాటాం. మిగతా రెండూ వూరికే పడి వుంటే మొన్న ఆరోగ్య కార్యకర్త వచ్చి చూసి, "వీటిల్లో వాననీళ్ళు నిలిస్తే డెంగీ దోమలు పెడతాయి సార్, వీధంతా పడుకుంటారు" అంది. ఆ సాయంత్రమే వాటిల్లోనూ మట్టి నింపాను. దొడ్లో మూలన పడేసినా టైరు పూర్తిగా నాది కాదన్నమాట.