కోరిక లేని చూపు

దేనినైనను చూచినతోడనే అది మనకేమి పనికివచ్చునని యడుగుట మనుష్యస్వభావము. చెట్టును చూచి కలపను, ఏటిని చూచి కాలువను తలచుకొందుము. ఏమియు కోరక ఊరక చూచుట యను పని యొకటి గలదా? గలదేని అది నీతిలోని దగునా, తీరిక గలవారి వినోదము మాత్రమేనా?

పక్షులను చూడబోవు క్రొత్తవారి నడకను గూర్చి యోచించుచుండగా మాకీ ప్రశ్న కలిగినది. హైదరాబాదునందు 1980లో ఏర్పడిన పక్షివీక్షకుల సంఘము ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అను పేర సాగుచున్నది. ఇట్టి బృందముల వెంట చలికాలపు టుదయములందు క్రొత్తవారును బయలుదేరుదురు. కాసు బ్రహ్మానందరెడ్డి పేరిటి ఉద్యానమువంటి తావున నెమలి యెవరికైనను కనబడును. ఉత్తరదేశమునుండి శీతకాలమునకు దిగివచ్చు ఆకుపచ్చని చిఱుపిట్ట మాత్రము ఆకులలో ఆకై, కూత వినిపించునే కాని రూపు చూపదు. కొమ్మ నూపిన బయటికి వచ్చునేమో యని క్రొత్తవాని చేయి యూరకుండదు. నడిపించువాడు వలదనును. పావుగంట మెడ యెత్తి నిలువబడి, తుదకు చూడకయే కదలిపోవలసివచ్చును. ఆ నడకలో మొదట నేర్వవలసినది ఇదియే. పేళ్లు తరువాత వచ్చును.

కడుపు నిండినవారికి ఇది చెల్లును, తక్కినవారి మాటయేమి యందురేమో. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. కర్నూలు జిల్లా పడమటి యంచున, హొళగుంద నల్లరేగడిలో జొన్నకంకి పాలుపోసుకొను దినములలో చేని కావలివాడు మంచె యెక్కి వడిసెల త్రిప్పును. గులాబిరంగు మేనును నల్లని తలయు గల గోరువంకలు మబ్బువలె వచ్చి వ్రాలునదియు ఆ కాలముననే. అవి మధ్య ఆసియానుండి వచ్చిన యతిథులని అతనితో చెప్పి చూడుడు! అవి ఏ దిక్కున లేచునో, ఏ వేళకు చేనిపై పడునో, ప్రొద్దుక్రుంకిన పిమ్మట ఏ చెట్టు చేరునో దుర్భిణి పట్టినవానికంటె అతనికే యెక్కువ తెలియును. అతని చూపులో కోరిక యున్నమాట నిజమే; అది కూటికొఱకైన కోరిక. దానిని తప్పుపట్టు నధికారము మాకు లేదు.

అయినను, తీరిక కలిగినంతమాత్రమున చూపు నిర్మలమగునా? 1931-32లో సాలీం అలీ నైజాము రాజ్యమున పక్షుల నరయుచు తిరిగినపుడు, ఆనాటి శాస్త్రపద్ధతి ననుసరించి తుపాకియే సాధనము. కొట్టి, తోలు తీసి, చీటి కట్టి భద్రపఱచినగాని పక్షి నిర్ణయము సాగకుండెను. దానికి జ్ఞానమను ప్రయోజనమైన నుండెను. దసరానాటి పాలపిట్ట మాటయో? విజయదశమినాడు దానిని చూచుట శుభమని మనవారి నమ్మకము. ఊరి వెలుపలికి నడచిపోయి, వెదకి చూడవలసిన పిట్ట యది. నడచుట కోపిక లేని నగరవాసులకొఱకు దానిని పట్టితెచ్చి, కాళ్లు కట్టి, పంజరమున బెట్టి, రూకలు పుచ్చుకొని చూపు ఆచారము బయలుదేరినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదపను అది సాగినది. పట్టినవాడు పేదవాడు, దొరకినచో శిక్ష యతనికి. పుణ్యమును కొన్నవారు చదువుకొన్న గృహస్థులు. వారి నెవ్వరు నడుగరు. దర్శనము కొనవచ్చునని తలచినవాని నేరము, పట్టినవాని నేరముకంటె చిన్నదని మేమనజాలము. నేడు ఫోనులో పక్షికూత వినిపించి, పోటీపక్షి వచ్చినదని భ్రమపెట్టి, మేత మానిపించి ఛాయాచిత్రము తీసికొనువారును ఈ గుంపులోనివారే. పంజరము కనబడదు, అంతే.

ఇట్టి నడకలు నగరోద్యానములకే కట్టువడియుండ నక్కఱలేదు. హొళగుందలో జొన్నకోత ముగిసి మంచెలు దింపిన తరువాతను కొంతకాలము ఆ గోరువంకలు మన సీమలోనే యుండును. బడిపిల్లల నొక యుదయము చేలగట్లకు తీసికొనిపోవచ్చును. ఆడపిల్లలను ఇంట విడువక తీసికొనిపోవలెను. నడిపించుటకు నగరమునుండి యెవరిని పిలువ బనిలేదు. వడిసెల దాచిపెట్టిన యా కావలివాడే చాలును. గింజ యిల్లు చేరిన పిమ్మట అతడు ఆ పిట్టలనెట్లు చూచునో, ఏ పేర పిలుచునో, పిల్లలు అతని నోటనే వినవచ్చును.