రోగికి దారి చూపటం ఎవరి బాధ్యత?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక కర్నూలు పాతబస్తీలో ఒక టైలరు మా వద్దకు వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. చాలా ఏళ్ళుగా షుగరు. "మౌలానా సాబ్! సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. కళ్ళ ముందు నల్లటి పోగులు కదులుతున్నాయి. దుఆ చేయండి" అన్నాడు. మేము దుఆ చేశాము. జేబులో ఉన్న 500 రూపాయలు అతని చేతిలో పెట్టాము. మంచి పని చేశామన్న తృప్తితో ఇంటికి వెళ్ళాము. ఏడాది తర్వాత అదే మనిషిని మనవడు చెయ్యి పట్టుకుని మస్జిదుకు తీసుకువచ్చాడు.

ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది కర్నూలులోనే. కాని ఏ విభాగానికి వెళ్ళాలో అతనికి తెలియదు. చీటీ చదవటం రాదు. ఒకరోజు కుట్టు ఆగితే ఇల్లు గడవదు. వెంట వచ్చే మనిషీ లేడు. మధుమేహం కంటి రెటీనాలోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. సకాలంలో లేజరు చికిత్స జరిగితే ఉన్న చూపును చాలావరకు కాపాడవచ్చు. పోయిన చూపును తిరిగి తేవటం చాలా కష్టం. ఆ రోజు అతనికి మా సమయంలో ఒక ఉదయం కావలసి ఉంది. మేము 500 రూపాయలు ఇచ్చి తప్పుకున్నాము.

అప్పటినుండి ఒక ప్రశ్న మమ్మల్ని వెంటాడుతోంది. పేద రోగిని నిపుణుడైన వైద్యుని దాకా చేర్చటం చేస్తే పుణ్యం, చేయకపోతే దోషం లేని నఫిల్ పనా? లేక మనందరిపై ఉన్న విధా?

ప్రవక్త (స) ఆచరణ

కందకం యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు, దగ్గరుండి పరామర్శించటానికి వీలుగా దైవప్రవక్త (స) మస్జిదె నబవీలోనే ఆయనకు గుడారం వేయించారు. హజ్రత్ ఉబై బిన్ కాబ్ (రజి) వద్దకు స్వయంగా వైద్యుణ్ణి పంపించారు. గమనించండి! దుఆకు ఆయన (స)ను మించినవారు ఎవరు? అయినా వైద్యుణ్ణి పంపారు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే ఊరిలో ఆ పని చేసేవారు ఒక్కరూ లేకపోతే ఊరంతా దోషులే. మరి వైద్యుడు ఉండి కూడా పేదవాడు ఆయన గడప చేరలేకపోతే, ఆ పేదవాని వరకు వైద్యుడు లేనట్టే కదా! కాబట్టి దారి చూపటం కూడా ఆ ఫర్జ్‌లో భాగమే అని మేము భావిస్తున్నాము.

"ప్రభుత్వం ఉంది కదా!"

ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్యసేవ, ఎందరికో ఖరీదైన ఆపరేషన్లు ఉచితంగా చేయించింది. దానికి కృతజ్ఞత చూపటం మన ధర్మం. కాని కార్డులో పేరు లేనివారు, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప చేలకు వలసపోయి వచ్చేవారు, అర్హత ఉన్నా ఆ సంగతే తెలియనివారు మన మొహల్లాల్లోనే ఉన్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో చెప్పేవారుంటే చాలు, వారిలో కొందరి పని నెరవేరుతుంది.

హైదరాబాదు ఎన్.ఎస్. కుంటలోని మస్జిదె ఇస్‌హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వారు 2018లో చికిత్సాలయం ప్రారంభించారు. మతం అడగకుండా అందరినీ చూస్తారు. పెద్ద వైద్యం అవసరమైనవారిని ప్రభుత్వ ఆసుపత్రులకు పంపి, అక్కడా తోడ్పడతారు. మన కర్నూలు, కడప మస్జిదు కమిటీలు ఇంత చేయలేకపోవచ్చు. వారానికి ఒక పూట, ఒక గది, బి.పి., షుగరు చూసే ఒక వైద్యుడు, రోగి వెంట వెళ్ళే ఇద్దరు యువకులు. ఇది కూడా మన వల్ల కాదా?

సొమ్ము విషయంలో జాగ్రత్త

హనఫీ ఉలమాల ప్రకారం జకాత్ చెల్లాలంటే ఆ సొమ్ము అర్హుడైన పేద ముస్లిముకు సొంతం కావాలి. మందులు కొని అతని చేతికిస్తే జకాత్ నెరవేరుతుంది. అతని అనుమతితో అతని తరఫున ఆసుపత్రి ఫీజు కట్టినా నెరవేరుతుంది. గది అద్దె, వైద్యుని జీతం జకాత్ నుండి ఇవ్వరాదు. వాటికి, ముస్లిమేతర సోదరుల వైద్యానికి నఫిల్ సదఖా సొమ్ము వాడాలి. ఇంకొక మాట. సాయం పొందినవాని ఫోటో తీసి నలుగురికీ పంపకండి. ఎత్తిపొడుపు, మనసు నొప్పించటం సదఖాను వృథా చేస్తాయని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది.

ఆ టైలరు ఇప్పటికీ జుమాకు వస్తాడు. మమ్మల్ని గొంతు బట్టి గుర్తుపట్టి సలాం చెబుతాడు. బదులు చెప్పేటప్పుడు మా తల వంగిపోతుంది. ప్రళయదినాన రోగుల గురించి ప్రశ్న ఎదురైనప్పుడు తల వంచుకోవలసిన దుస్థితి నుండి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.